మాయమైన గవ్వల చుట్ట

సార్జెంట్ డోర్కాస్ వునాటావా ఊరు చేరేసరికే దొంగ దొరికిపోయింది.

దొంగకు అరవై అయిదేళ్ళుంటాయి. పేరు రోదా, ఊరు పక్క ఊరే. పోలీసు వ్యాన్ వెనక ఇనుప జాలీ లోపల, ఖాళీ తాటాకు బుట్ట ఒళ్ళో పెట్టుకుని, చర్చిలో వాక్యం వింటున్నంత నెమ్మదిగా కూర్చుని ఉంది.

"ఈవిణ్ణి ఎక్కించింది ఎవరు?" అని అడిగింది డోర్కాస్.

కానిస్టేబుల్ బెన్సన్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. "మండలం ప్రెసిడెంట్ గారు చెప్పారండి."

"నీకు జీతమిచ్చేది ప్రెసిడెంటా?"

"కాదండి. బదిలీ చేయించేది మాత్రం ఆయనే."

డోర్కాస్‌కు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. టైము చూసుకుంది. తొమ్మిదీ పది. పన్నెండింటికల్లా గవ్వల చుట్ట దొరకాలి. లేకపోతే తోవరూర్ పెద్దాయన అంత్యక్రియలు ఆగిపోతాయి.

తోవరూర్ రెండు రోజుల క్రితం పోయాడు. ఎనభై ఏళ్ళు దాటినవాడు. ఆయన లోలోయి అంటే చుట్టుపక్కల అయిదూళ్ళకు తెలుసు. గోరంత గవ్వలను బెత్తపు చీలికలకు గుచ్చి, బారలు బారలుగా కట్టి, లారీ టైరంత చుట్ట చుట్టి, అరిటాకుల్లో బిగించిన తబు, అంటే గవ్వల డబ్బు, అది. మూడు వందల బారలని లెక్క చెప్పేవాళ్ళు. అలాంటి చుట్టను యజమాని బతికుండగా ఎవరూ విప్పరు, లోపల ఎంతుందని అడగరు. అడగడమే తప్పు. మనిషి పోయాకే దాన్ని కోస్తారు. వచ్చినవాళ్ళందరికీ ముక్కలు పంచాకే అతన్ని మట్టిలో పెడతారు. చుట్ట కోయకుండా పూడిస్తే ఆ మనిషి ఊరికే పుట్టి ఊరికే పోయినట్టు. అతని కోసం ఏడవడానికి కూడా ఎవరికీ నోరు రాదు.

అది డోర్కాస్‌కు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆమె తండ్రి చేతిలో అరబార తబు కూడా లేకుండా పోయాడు. నలుగురు మోశారు, ముగ్గురు ఏడ్చారు. గవ్వలున్నవాడి మాటే న్యాయమయ్యే చోట, గవ్వలు లేనివాడికి కూడా ఒక బెత్తం, ఒక టోపీ ఉండాలని ఆమె పోలీసుల్లో చేరింది. పాతికేళ్ళయింది. ఇప్పుడా టోపీ ఎవరి ఫోనుకు పడితే వాళ్ళ ఫోనుకు వంగుతోందని తెలిసి కడుపు మండుతూ ఉంటుంది.

బెన్సన్ చేత జాలీ తలుపు తెరిపించి రోదా పక్కన కూర్చుంది.

"పొద్దున ఎన్నింటికి వచ్చారమ్మా ఇక్కడికి?"

"ఆరున్నర కాకముందే. మగవాళ్ళంతా తీరానికి పోయాక." అంత్యక్రియల రోజు తెల్లవారుతూనే తుబువాన్ ముసుగులు, ఆకులు కప్పుకున్న ఆత్మల వేషాలు, పడవల మీద వస్తాయి. వాటికి ఎదురెళ్ళడానికి ఊళ్ళో ఒక్క మగాడు కూడా మిగలడు.

"ఎందుకు వచ్చారు?"

"పెద్దాయన్ని చూసుకుందామని."

"చూడ్డానికి బుట్ట ఎందుకు?"

రోదా బుట్ట అంచు వేలితో నిమిరింది.

"చూడండి, మీరు చుట్ట ఉన్న గుడిసెలోకి వెళ్ళడం వంటవాళ్ళు చూశారు. మీరు నోరు విప్పకపోతే నేను కూడా ఏమీ చెయ్యలేను."

"ఆయనకు మాటిచ్చానమ్మా. ఆయన పోయినంత మాత్రాన నా మాట పోతుందా? నన్ను తీసుకెళ్ళాలంటే తీసుకెళ్ళు. నా కొడుకులకు మాత్రం కబురు పెట్టకు. వాళ్ళకు ముక్కు మీదే కోపం."

భయపడే మనిషి మాట కాదది. ఎవరినో కాపాడుకుంటున్న మనిషి మాట. డోర్కాస్ తలుపుకు తాళం వేసి, తాళంచెవి బెన్సన్‌కు తిరిగి ఇవ్వకుండా తన జేబులో వేసుకుంది.

పొయ్యిల దగ్గర వేడి రాళ్ళ మీద కొబ్బరిపాలతో కూర ఉడుకుతోంది. రోదాను చూసిన వంటావిడ చేతిలో గరిటె ఆపకుండానే డోర్కాస్‌కు జవాబులు చెప్పింది.

"వచ్చేటప్పుడు బుట్ట ఎలా తెచ్చింది?"

"నుదుటికి పట్టీ వేసుకుని, వీపు మీద. వంగిపోయి వచ్చింది పాపం."

"పోయేటప్పుడు?"

"చేతికి తగిలించుకుని పోయింది. ఏడుగంటలకు పావు తక్కువ. నేను అప్పుడే రెండో పొయ్యి రాజేశాను." వంటావిడ గరిటె ఆగింది. "అవునే, దొంగ అయితే బరువు పోయేటప్పుడు కదా ఉండాలి?"

"అదే నేనూ అనుకుంటున్నాను. నువ్వు పోలీసుల్లో చేరాల్సిందమ్మా."

"నాకు అన్నం వండడం వచ్చు, వద్దు తల్లీ."

గుడిసె గుమ్మం దగ్గర ప్రెసిడెంట్ హోసియా కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. తోవరూర్ సొంత చెల్లెలి కొడుకు. ఇక్కడి టోలాయి తెగ ఇళ్ళల్లో మేనమామ ఆస్తి మేనల్లుడిదే, ఇవాళ చుట్ట కోసే కత్తీ అతనిదే. మూడు వారాల్లో ఎన్నికలు. అయిదూళ్ళ జనం ఇవాళ అతని చేతి మీదుగా తబు తీసుకుంటారు. తీసుకున్న చెయ్యి ఓటు వేసేటప్పుడు మరిచిపోదు.

"దొంగను పట్టిచ్చాను కదా సార్జెంట్. ఇంకా ఈ వంటమనుషులతో కబుర్లేమిటి?"

"చుట్టను పట్టివ్వలేదు కదండీ ప్రెసిడెంట్ గారూ. మీరు ఆఖరిసారి దాన్ని చూసింది ఎప్పుడు?"

"ఆరుగంటలకు. తీరానికి పోతూ తాకి దణ్ణం పెట్టుకున్నాను. ఏడున్నరకు వచ్చేసరికి లేదు. ముగ్గురు మగవాళ్ళు లేనిదే అది కదలదు. ఈ ముసల్ది దారి చూపించింది, వాళ్ళ ఊరి ముఠా మోసుకుపోయింది."

డోర్కాస్ వంగి నేల చూసింది. ఊరి దగ్గరి అగ్నిపర్వతం వారం రోజులుగా బూడిద చిమ్ముతోంది. ఎంత ఊడ్చినా గంటకల్లా నేల మీద సన్నటి పొర పడుతుంది. గుమ్మం దగ్గర ఎవరో చీపురు వేశారు. చూరు కింద మాత్రం వెయ్యడం మరిచిపోయారు. అక్కడ జానెడు వెడల్పున ఒక చార ఉంది, తిన్నగా పెద్దింటి వెనక గుమ్మం వైపు పోయింది. చార పక్కనే ఒక జత చిన్న పాదాలు. కుడిపాదం ఈడ్చినట్టుంది. చెప్పుల గుర్తులు లేవు, మగవాడి పాదం ఒక్కటీ లేదు.

"మోసుకుపోలేదండీ. దొర్లించారు. అదీ ఒక్కరే."

"పిచ్చా మీకు? మూడు వందల బారలు."

"పోయిన ఏడు ఈ గుడిసెకు కప్పు మార్చారట కదా. అప్పుడు చుట్టను ఇక్కణ్ణించి ఎవరు తీశారు?"

"మావయ్యే."

"సాయం ఎవరు పట్టారు?"

హోసియా కప్పు వైపు చూశాడు. "ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. మావయ్య గట్టివాడు."

"ఎనభై ఏళ్ళ గట్టివాడు," అంది డోర్కాస్.

అతనికి ఆ మాట నచ్చలేదు. గొంతు తగ్గించాడు. "చూడండి, ఇదంతా అక్కర్లేదు. మండలం నిధుల్లోంచి సంతకం పెడతాను, కోకొపో బజారులో మూడు వందల బారల తబు కొనుక్కొస్తారు. పదకొండున్నరకల్లా కొత్త చుట్ట తయారు. మీరు ఆవిణ్ణి తీసుకుపోయి కేసు రాసుకోండి. అందరి పనీ అయిపోతుంది."

"ఆ నిధులు రోడ్డు కోసం కదా?"

"రోడ్డెక్కడికి పోతుంది? గవ్వలతో ఊళ్ళు నడిచే రోజులు పోయాయి సార్జెంట్. మావయ్యకు మూడు వందల బారలుండీ ఒక్క బడి కట్టించలేకపోయాడు. నేను ఒక్క సంతకంతో రెండు కట్టించాను. అధికారమంటే అది. గవ్వలంటే ముసలాళ్ళ ముచ్చట."

అందులో అబద్ధం లేదు. ఆ బడుల్లో పిల్లలు చదువుతున్నారు కూడా. డోర్కాస్ కాదనలేదు.

"మీ సంతకం మీ మండలం గట్టు దాకా పోతుంది. మీరు దిగిపోయిన రోజున ఆగిపోతుంది. ఆయన తబు పుచ్చుకున్నవాళ్ళు రెండు రోజులుగా ఎంతెంత దూరాల నుంచి నడిచి వస్తున్నారో చూశారా? వాళ్ళకు ఎవరూ ఆర్డరు వెయ్యలేదు."

"ఉపన్యాసాలు నేను చెప్తాను. మీరు కేసు రాయండి." ఫోను తీసి చూపించాడు. "రాయకపోతే వారంలో కొండల అవతల స్టేషన్లో ఉంటారు."

"నాకు కొండగాలి పడుతుందండీ," అని డోర్కాస్ చార వెంట నడిచింది.

పెద్దింట్లో శవపెట్టె చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని ఏడుస్తున్నారు. శవం తలవైపు, చాపల దొంతరకు ఆనుకుని, ఇయాలిలి కూర్చుంది. తోవరూర్ చెల్లెలు, హోసియా తల్లి. డెబ్బై ఆరేళ్ళు. కుడికాలు వంగదు, చాపుకునే ఉంది. అరికాలికి బూడిద.

తలవైపు కూర్చున్న తోబుట్టువును లేవమని ఎవరూ అడగరు. లేపితే చచ్చినవాణ్ణి ఒంటరిగా వదిలినట్టు. ఊరంతా వెతికిన హోసియా మనుషులు ఆ చాపల జోలికి రాకపోవడానికి కారణం అదే. డోర్కాస్ కూడా అడగలేదు. టోపీ తీసి నేల మీద కూర్చుని, ముందు పెద్దాయన ముఖం చూసింది. తర్వాత ఇయాలిలి చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. కాసేపటికి మిగతా ఆడవాళ్ళు తమంతట తామే వరండాలోకి జరిగారు.

"పెద్దమ్మా, మీ వీపు నొప్పి పుట్టడం లేదూ? చాపల కింద గట్టిగా ఉంటుంది కదా."

ఇయాలిలి కళ్ళలోంచి నీళ్ళు కారాయి.

"ఎలా కనిపెట్టావే తల్లీ?"

"అది బరువని అందరూ అనుకున్నారు. మీరు దొర్లించగలిగారంటే బరువు లేదన్నమాట. బరువు లేదని తెలిస్తే ఇంక వెతకాల్సింది మగవాళ్ళ కోసం కాదు కదా. ఎప్పుడు తెలిసింది మీకు?"

"ఇవాళే. రోదా చెప్పింది." చాప అంచు సర్దింది. "నలభై బారలు వీపున మోసుకొచ్చింది, పిచ్చిది. 'అక్కా, లోపల ఏమీ లేదు, మగవాళ్ళు రాకముందే ఇది కూరేద్దాం' అంది. నేను తిట్టాను. మా అన్న చుట్టను అంతమాట అంటావా అని. దాన్ని పంపేసి, లోపలివైపు ఆకు విప్పి చెయ్యి పెట్టాను. ఎండు అరిటాకులు, బెత్తపు పేళ్ళు. పైన ఒక్క వరస గవ్వలు. దాని నలభై బారలూ కూరితే ఒక మూలకు కూడా రాలేదు. పన్నెండింటికి నా కొడుకు కత్తి పెడితే అయిదూళ్ళ ముందు మా అన్న పరువేం కావాలి? ఏడ్చేవాళ్ళు వచ్చేలోపే వెనక గుమ్మంలోంచి దొర్లించుకొచ్చి కప్పేశాను. అన్నను ఏడిపించి పంపలేనమ్మా."

"లోపలిదంతా ఎక్కడికి పోయింది?"

"అది నాకు కూడా చెప్పమ్మా," అన్నాడు గుమ్మంలోంచి హోసియా.

ఎప్పుడు వచ్చాడో, ఎంత విన్నాడో తెలియదు. ముఖంలో రక్తం లేదు. ఇయాలిలి కొడుకును చూసి, చెంగుతో కళ్ళు తుడుచుకుని, పక్కన చాప మీద చోటు చూపించింది. అతను కూర్చోలేదు.

"ఎస్తేర్ గుర్తుందా నాయనా?"

హోసియాకు గుర్తుంది. ఇరవై రెండేళ్ళ క్రితం అతను నడిపిన లారీ కింద పడి చనిపోయిన పిల్ల. తొమ్మిదేళ్ళది. రోదా కూతురు.

"ఆ కేసు అయిపోయిందమ్మా. ఎంపీ గారు ఒక్క ఫోను చేశారు, ఫైలు మూసేశారు. ఆ రోజే కదా నేను అనుకున్నాను, బతికితే ఆ ఫోను చేసే చోట బతకాలని."

"ఫైలు మూసేశారు. నిన్ను మోర్స్‌బీ విమానం ఎక్కించారు. మర్నాడు పొద్దున్నే వాళ్ళ ఊరి మగవాళ్ళు ఇరవై మంది కత్తులతో మన ముంగిట్లోకి వచ్చారు. నీకు ఎవరూ చెప్పలేదు. మీ మావయ్య వద్దన్నాడు. నువ్వు దొరక్కపోతే నీ తమ్ముణ్ణి నరికేవాళ్ళు. ఫోను చేసినాయన అప్పుడెక్కడున్నాడు? మా అన్న ఒక్కడే చిన్న చుట్ట భుజాన వేసుకుని ఎదురెళ్ళి, మట్టిలో కూర్చుని, ఆ పిల్ల పేరు పెట్టి ఏడ్చాడు. వాళ్ళు కూడా ఏడ్చారు. తబు తీసుకుని పోయారు. అంతటితో అయిపోయిందనే నేను అనుకున్నాను."

"అవలేదా?"

"ఎలా అవుతుందిరా? కాగితం మూసేస్తే మూసుకుంటుంది. ఎస్తేర్ వెనక ముగ్గురు తమ్ముళ్ళు. ఒక్కొక్కడూ మీసం వచ్చేసరికి మా అక్క ప్రాణం సంగతేమిటని లేచేవాడు. లేచిన ప్రతిసారీ మా అన్న ఈ చుట్టలోంచి తీసుకుని నడిచి వెళ్ళాడని పొద్దున రోదా చెప్పింది. ఎవరూ లేవని ఏడు కూడా, ఆ పిల్ల పోయిన రోజున వెళ్ళాడు. వెళ్ళి కూర్చుని, ఏడ్చి, ఇచ్చి వచ్చాడు. ఇరవై రెండేళ్ళు. రోదా ఒద్దన్నా వినలేదట. నువ్వు ఆ దారిన కారులో ధైర్యంగా తిరుగుతుంటే, అది నీ పదవి అనుకున్నావు."

హోసియా చాపల దొంతర వైపు చూశాడు. కింద కూర్చున్నాడు. ఊళ్ళో ఎవరూ ఎప్పుడూ చూడని విధంగా తల్లి చాచిన కాలి మీద తల పెట్టాడు. ఆవిడ జుట్టులో వేళ్ళు పెట్టి నిమిరింది. డోర్కాస్ చూపు తిప్పుకుంది. ఎదుటివాడి మీద ఉన్న కోపం ఎటుపోయిందో ఆమెకే తెలియలేదు.

కాసేపటికి అతను తలెత్తాడు. రాజకీయం అంత తొందరగా మనిషిని వదలదు. "సార్జెంట్, దొంగతనమనే రాయండి. చుట్ట పోయిందని నేను మైకులో చెప్తాను. మావయ్య పరువు దక్కుతుంది. చేతులు జోడించి అడుగుతున్నాను, ఆర్డరు కాదు."

"దొంగ పేరు ఏం రాయమంటారు?"

అతను కిటికీలోంచి వ్యాన్ వైపు చూశాడు.

"వ్యాన్‌లో ఉన్న పేరు తప్ప ఇంకో పేరు లేదండీ. కూతుర్ని పోగొట్టుకుని, పెద్దాయన పరువు కోసం నలభై బారలు మోసుకొచ్చిన మనిషి పేరు."

అప్పుడే బెన్సన్ వరండా ఎక్కి వచ్చాడు, ఊపిరి అందడం లేదు. "మేడమ్, చర్చి మలుపు దగ్గర జనం. రోదా గారి ఊరివాళ్ళు. ముప్ఫై మందికి తక్కువ లేరు. ముందు ఆవిడ కొడుకులు, చేతుల్లో కత్తులు. వాళ్ళమ్మను ప్రెసిడెంట్ జైల్లో పెట్టించాడని ఎవరో చెప్పారు. స్టేషన్‌కి ఫోన్ చేశాను, సాయం రావడానికి నలభై నిమిషాలంటున్నారు."

హోసియా చెయ్యి జేబులోని ఫోను మీదకు పోయింది. తీశాడు. ఎవరికి చెయ్యాలో తోచక దాని వంకే చూశాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ దారిని కాపలా కాసిన మనిషి పెట్టెలో పడుకుని ఉన్నాడు.

డోర్కాస్ జేబులోంచి వ్యాన్ తాళంచెవి తీసి అతని అరచేతిలో పెట్టింది.

"మీ మాట మీద ఎక్కించారు. మీ చేత్తోనే దించండి. నేను మీ పక్కనే నడుస్తాను. తుపాకీ మాత్రం తియ్యను."

"ఏం చెప్పాలి వాళ్ళకు?"

"నాకు తెలియదండీ. మీ మావయ్య ఏం చెప్పాడో ఆవిణ్ణే అడగండి."

ముంగిట్లో అయిదూళ్ళ జనం లేచి నిలబడ్డారు. అటు గేటు దగ్గరకు కత్తులు వచ్చేశాయి, ఇటు హోసియా వ్యాన్ దాకా నడిచాడు. తాళంచెవి రెండుసార్లు తప్పింది. మూడోసారి తలుపు తెరుచుకుంది. రోదా బుట్ట పట్టుకుని కిందకు దిగబోతే, అతను ఆవిడ కాళ్ళ ముందు బూడిదలో కూర్చుండిపోయాడు. ఏదో చెప్పబోయాడు. మైకు ముందు గంటలకొద్దీ మాట్లాడే మనిషి నోట ఒక్క పేరే వచ్చింది.

"ఎస్తేర్," అన్నాడు. మళ్ళీ అన్నాడు. ఇంకేమీ రాలేదు.

రోదా పెద్దకొడుకు గేటు దాటి నాలుగడుగులు వేసి ఆగాడు. అక్క పేరు ఆ నోటి నుంచి వినడం అతనికిదే మొదటిసారి. కత్తి ఇంకా చేతిలోనే ఉంది. డోర్కాస్ అతనికీ హోసియాకూ మధ్య నిలబడింది.

రోదా కొడుకు వైపు అరచెయ్యి చూపించింది, అక్కడే ఉండమన్నట్టు. తర్వాత హోసియా తల మీద చెయ్యి పెట్టింది.

"లే బాబూ. నేను మాటిచ్చింది ఆయన పరువు కాపాడడానికి. ఆయన్ని ఖాళీ చేతులవాడని అనిపించి పంపడానికి కాదు. వెళ్ళి చుట్ట తెప్పించు. నా పెద్దోడు ఒకవైపు పట్టుకుంటాడు, నువ్వొకవైపు పట్టుకో. అందరి ముందూ కొయ్యి, లోపల ఏమీ లేదని అందరూ కళ్ళారా చూడనీ. అదంతా ఎవరింటికి వచ్చిందో చెప్పడానికి నేనున్నాను."